ఆడోళ్లకు, మొగోళ్లకు ఒకటే గోలీ, ఒకటే డోసా? లివర్, హార్మోన్ల సంగతి తెలిసినోళ్లు చెప్పుండ్రి

దేవరకొండ_చిన్నోడు

అందరికీ నమస్తే. మా వదినకు ఇంటర్ చదివేటప్పటి నుంచి ఫిట్స్ ఉన్నయి. లామోట్రిజిన్ గోలీ పొద్దున వంద, రాత్రి వంద వేసుకుంటది. పెండ్లయి మా ఇంటికొచ్చినంక ఒక్కసారి గూడ రాలే, ఆ సంగతే మాకు యాదిల లేకుండె. పోయిన నెల పొయ్యి కాడ అన్నం వారుస్తుంటే పడిపోయింది. గంజి మీద పడి మోచేయి దాంక బొబ్బలు. గోలీ ఒక్క పూట గూడ ఎగ్గొట్టలే, పట్టీలు నేనే లెక్కవెట్టి చూసిన.

హైదరాబాద్‌ల నరాల డాక్టరు కాడికి తీస్కపోతే ఆయన మొదలు అడిగిన మాట, "కొత్తగ వేరే గోలీలు ఏమన్న మొదలువెట్టినవా అమ్మా" అని. వదిన మా అన్న దిక్కు చూసింది. పిల్లలకు ఇప్పుడే తొందర లేదని గర్భం రాకుండ గోలీలు వేసుకుంటుందట. ఇంట్ల ఎవ్వరికీ ఎరుక లేదు. వాటి వల్లనే ఫిట్స్ మందు రక్తంల తగ్గిందని చెప్పి లామోట్రిజిన్ డోసు పెంచిండు. మా దగ్గర మెడికల్ షాపాయన మాత్రం "దానికీ దీనికీ ఏం సంబంధం, దిష్టి తగిలి ఉంటది" అంటుండు.

అసలు ఆ గోలీకి ఈ గోలీకి లివర్‌ల ఏం లొల్లి? ఇంకో డౌటు. నిద్ర గోలీ వేసుకున్నా మా నాయిన తెల్లారకముందే లేచి చెల్క కాడికి పోతడు. మా అమ్మ అదే గోలీ సగం వేసుకున్నా పొద్దెక్కే దాంక మబ్బుమబ్బుగనే ఉంటది. ఇది గూడ అసుంటిదేనా?

నల్లగొండ_ఫార్మసిస్టు

మీ డాక్టరు చెప్పింది నిజం తమ్మీ. దిష్టి గిష్టి ఏం లేదు.

లామోట్రిజిన్‌ను బయటికి పంపాలంటే లివర్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే పదార్థాన్ని అతికిస్తది. అతికినంక అది నీళ్లల్ల కరుగుతది, మూత్రంల పోతది. ఆ అతికించే ఎంజైమ్ పేరు యూజీటీ1ఏ4. గర్భం రాకుండ వేసుకునే గోలీల ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఉంటది చూడు, అది ఈ ఎంజైమ్‌కు ఊపునిస్తది. దాంతోటి రక్తంల లామోట్రిజిన్ దాదాపు సగానికి పడిపోతది. మీ వదిన మింగింది రెండు వందలే, కని ఒంట్ల పనిచేసింది వంద లెక్క.

తిరకాసు ఇంకోటుంది. మాలా-ఎన్ అనే గర్భం గోలీల పట్టీ చూసిండ్రా? అండ్ల హార్మోన్ గోలీలు 21, ఐరన్‌వి 7. ఆ ఐరన్ గోలీల వారంల ఈస్ట్రోజన్ ఉండదు కాబట్టి ఎంజైమ్ చల్లవడి, లామోట్రిజిన్ మల్ల పైకి లేస్తది. నెలల మూడు వారాలు ఫిట్స్ భయం, ఒక వారం తల తిరుగుడు. ఈ లెక్క తెల్వక "నీరసం, రక్తం తక్కువ" అని టానిక్‌లు తాగిచ్చేటోళ్లను మా కౌంటర్ కాడ చూస్తనే ఉంట.

కొల్లాపూర్_సారు

అంటే ఆడవాళ్ల లివర్ మందును తొందరగా కరిగిస్తదన్నమాట. మరి వాళ్ల అమ్మగారికి నిద్రమాత్ర ఎక్కువసేపు ఎందుకు పట్టేస్తుంది? లెక్క తిరగబడుతుంది కదా.

వనపర్తి_డాక్టరమ్మ

ఆ గోలీ జోల్పిడెమ్ అయితే దానికి పెద్ద కథే ఉంది సార్.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013 జనవరిలో ఆడవాళ్లకు జోల్పిడెమ్ డోసును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమని కంపెనీలకు చెప్పింది. రాత్రి 10 మిల్లీగ్రాములు వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత రక్త పరీక్ష చేస్తే, మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు దాటి మందు మిగిలి ఉన్నవాళ్లు ఆడవాళ్లలో సుమారు 15 శాతం, మగవాళ్లలో 3 శాతం. ఆ స్థాయి దాటితే బండి నడిపేటప్పుడు చూపూ చెయ్యీ సరిగ్గా కలవవు. ఆ మందు అప్పటికే ఇరవై ఏళ్లుగా అమెరికా మార్కెట్లో ఉంది. ఇరవై ఏళ్లూ ఇద్దరికీ ఒకే డోసు రాశారు.

మీ అమ్మగారు పొద్దున లేచి బాయి మెట్లు దిగడం, స్కూటీ తీయడం లాంటివి చేస్తారేమో చూసుకోండి. అసలు ఆ గోలీ ఎవరు రాశారు? అది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదీ రిజిస్టర్లో ఎక్కాలి.

దేవరకొండ_చిన్నోడు

నాయినకు రాసిన గోలీనే అమ్మ తీసుకుంటది మేడం.

వనపర్తి_డాక్టరమ్మ

అదే అనుకున్నాను. ఆపించండి.

ఎడమకాలువ_మిర్యాలగూడ

ఇండ్ల హార్మోన్లు ఏమున్నయన్నా, బరువు ముచ్చటే ఇది. మొగోడు 70 కిలోలు, ఆడమనిషి 50 కిలోలు. ఒకటే గోలీ వేస్తే తక్కువ బరువున్నోళ్లకు ఎక్కువ పట్టుడు మామూలే కదా. దీనికి ఇంత సైన్సెందుకు?

నల్లగొండ_ఫార్మసిస్టు

బరువు ఒక కారణం, కాదనను. ఒంట్ల కొవ్వు పాలు, నీళ్ల పాలు గూడ లెక్కకొస్తయి. అయితే జోల్పిడెమ్‌ల బరువు తేడా తీసేసి చూసినా ఆడోళ్లల్ల మందు నెమ్మదిగనే పోతుంది. నీ లెక్కే నిజమైతే చిన్నోడి వదినకు లామోట్రిజిన్ ఎక్కువ పట్టాలె. తగ్గిందేంది మరి? ఆమె బరువు ఆ నెలల ఏం మారలే, మారింది హార్మోనే.

కాలువ మీద ఉండేటోడివి, నీకు నీ భాషల్నే చెప్త. లివర్ ఒక్క తూము కాదు. చానా తూములున్నయి, ఒక్కో మందుది ఒక్కో తూము. ఆడోళ్లల్ల ఒకటి పెద్దగ తెరిచి ఉంటది, ఇంకోటి సగమే తెరిచి ఉంటది. మొగోళ్లల్ల వేరే తీరు. అందుకే "ఆడోళ్ల లివర్ జోరా, మొగోళ్ల లివర్ జోరా" అనే సవాలుకు జవాబు లేదు. ఏ మందు అని అడగాలె.

ఎడమకాలువ_మిర్యాలగూడ

సరే, మందు పేరు పెట్టే అడుగుత. ఇప్పుడే ఇంగ్లీషుల చదివిన. లివర్‌ల అన్నిటికన్న ఎక్కువ మందులను కరిగించేది సీవైపీ3ఏ4 అనే ఎంజైమట. అది ఆడోళ్లల్లనే ఎక్కువట. జోల్పిడెమ్‌ను కరిగించేది గూడ ముఖ్యంగ అదేనట. మరి ఆడోళ్లల్ల జోల్పిడెమ్ జల్ది పోవాలె కదా డాక్టరమ్మా? పట్టుకున్ననా లేదా?

వనపర్తి_డాక్టరమ్మ

పట్టుకున్నారు. మంచి ప్రశ్న, మా పరీక్షల్లో కూడా ఇంత సూటిగా అడగరు.

ఆడవాళ్ల లివర్ ముక్కలు పరీక్షించినప్పుడు సీవైపీ3ఏ4 మగవాళ్ల కంటే ఎక్కువగా, దాదాపు రెట్టింపు కనిపించిన మాట నిజమే. కానీ జోల్పిడెమ్ ఒక్క దాని చేతిలోనే లేదు. సీవైపీ2సీ9, సీవైపీ1ఏ2 లాంటివి కూడా తలో చెయ్యి వేస్తాయి. సీవైపీ1ఏ2 పనితనం మగవాళ్లలోనే ఎక్కువ. దీనికి తోడు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పాత్ర కూడా ఉన్నట్టు ఆధారాలున్నాయి. మనిషి లివర్ నుంచి తీసిన ఎంజైమ్‌లకు ప్రయోగశాలలో టెస్టోస్టిరాన్ కలిపితే జోల్పిడెమ్ వేగంగా విరిగింది. వయసు మీరిన మగవాళ్లలో ఆ హార్మోన్ తగ్గుతుంది, వాళ్లలో ఈ మందు కూడా నెమ్మదిగా పోతుంది. ఎంజైమ్ ఎంత ఉందన్నది ఒక సంగతి, దాన్ని ఎవరు తోస్తున్నారు, ఎవరు ఆపుతున్నారన్నది ఇంకో సంగతి. ఒక్క ఎంజైమ్ పట్టిక చూసి డోసు రాస్తే ఇలాగే బోల్తా పడతాం.

బీపీకి, గుండె దడకు ఇచ్చే మెటోప్రొలాల్ కూడా చూడండి. దాన్ని కరిగించేది సీవైపీ2డీ6. ఒకే డోసు మీద ఆడవాళ్ల రక్తంలో మందు ఎక్కువగా నిలుస్తుంది, నాడి ఎక్కువ తగ్గుతుంది. నేను తక్కువ డోసుతో మొదలుపెట్టి చూస్తాను.

పాలమూరు_ల్యాబ్

ఇన్ని రోజులకు నా సబ్జెక్టు మాట్లాడే జాగ దొరికింది. నేను హైదరాబాద్‌ల ఎలుకల లివర్ మీద పీహెచ్‌డీ చేస్తున్న, ఊరు మక్తల్ దిక్కు. జర లంబాగ రాస్త, ఓపిక పట్టుండ్రి.

ఈ ముచ్చట బయటపడ్డది 1932ల. ఎలుకలకు అమైటాల్ అనే మత్తు మందు ఇస్తుంటే, ఆడ ఎలుకకు మొగ ఎలుక డోసుల సగం సరిపోయింది. తర్వాత ఇసుంటి మత్తు మందుల మీదనే ఇంకా చూసిండ్రు. మొగ ఎలుకకు వృషణాలు తీసేస్తే ఎక్కువసేపు పడుకుంటుంది, టెస్టోస్టిరాన్ ఇస్తే మల్ల తొందరగ లేస్తుంది. అందరు "ఓహో, అంత టెస్టోస్టిరాన్ మహిమే" అనుకున్నరు.

అసలు మలుపు తర్వాతొచ్చింది. టెస్టోస్టిరాన్ లివర్‌తోని నేరుగ మాట్లాడుడు తక్కువ. నడుమ గ్రోత్ హార్మోన్ ఉన్నది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని ఇడుస్తది. మొగ ఎలుకల అది మూడు మూడున్నర గంటలకు ఒకసారి పెద్దగ ఉబికి వస్తది, నడుమల దాదాపు సున్నా. ఆడ ఎలుకల ఎప్పుడు చూసినా కొంచెం కొంచెం కారుతనే ఉంటది. లివర్ ఈ తీరును గుర్తువడుతది. ఉబికి వస్తే ఎస్‌టీఏటీ5బీ అనే ప్రొటీన్ చురుకై మొగ తీరు ఎంజైమ్‌లు, అంటే సీవైపీ2సీ11 లాంటివి తయారైతయి. ఆగకుండ కారితే సీవైపీ2సీ12 అనే ఆడ తీరు ఎంజైమ్. మొగ ఎలుకకు పంపు కట్టి గ్రోత్ హార్మోన్ ఆగకుండ ఎక్కిస్తే దాని లివర్ ఆడ ఎలుక లివర్ లెక్క మారుతది. మొగ ఎలుక మొగదే, లివర్ మాత్రం ఆడది! మొదటిసారి ప్రొటీన్లను విడదీసి చూసే జెల్ మీద ఆ మొగ ఎంజైమ్ గీత మాయమైంది చూసి నేను శాంపిల్ మారిందేమో అనుకుని మల్ల నడిపిన. నిజంగనే మాయమైంది.

ఇగ అసలు హెచ్చరిక. ఎలుకల్ల ఈ తేడా పదుల రెట్లు ఉంటది. మనుషుల్ల గంత లేదు, ఎక్కువ మందులల్ల రెండింతల లోపే. అందుకే ఎలుక లెక్క తెచ్చి మనిషికి అంటగట్టొద్దు. ల్యాబులల్ల ఇంకో పాత రోగం ఉన్నది, "ఆడ ఎలుకలకు హార్మోన్ చక్రం ఉంటది, లెక్క కలుస్తలేదు" అని ఏండ్ల తరబడి మొగ ఎలుకల మీదనే పరీక్షలు చేసుడు.

కొల్లాపూర్_సారు

ఎలుకల్లోనే కాదు, మనుషుల్లోనూ అదే జరిగింది. 1977లో ఎఫ్‌డీఏ ఒక మార్గదర్శకం తెచ్చి, పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లను మందుల తొలి దశ పరీక్షల నుంచి పక్కన పెట్టమంది. గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ అనే మందు వల్ల వేల మంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన భయం దాని వెనుక ఉంది. భయం న్యాయమైనదే. 1993లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆ నడుమ వచ్చిన మందులకు "పెద్దవాళ్ల డోసు" అని రాసిందల్లా చాలావరకు మగవాళ్ల డోసే అనుకోవాలి.

గొర్లమంద_కల్వకుర్తి

మా గొర్లకు నట్టల మందు పొట్టేలుకు ఎంతనో ఆడగొర్రెకు అంతే తాపుతున్నం అన్నా. ఇగ లివర్ టెస్టులు గూడ చేయించాల్నా ఏంది 😂

పాలమూరు_ల్యాబ్

బరువు చూసి తాపు అన్నా. సూడి గొర్రె అయితే మాత్రం పశువుల డాక్టర్‌ను అడిగి తాపు, నవ్వులాట కాదు. కొన్ని నట్టల మందులు కడుపుల పిల్లకు మంచివి గావు.

ఏఎన్ఎం_అచ్చంపేట

మీరు ఎలుకల దగ్గర ఆగిపోయిన్రు గని, ఊళ్లల్ల నాకు రోజూ ఎదురయ్యేది ఇంకోటి ఉంది. చిన్నోడి వదినకు జరిగిన దానికి ఇది ఉల్టా.

ఆమెకు గర్భం రాకుండ వేసే గోలీ ఫిట్స్ మందును తగ్గించింది. టీబీ మందు ఏం చేస్తదంటే ఆ గర్భం గోలీనే పనికిరాకుండ చేస్తది. టీబీ కోర్సుల రిఫాంపిసిన్ ఉంటది, మూత్రం నారింజ రంగుల వచ్చేది దాని వల్లనే. అది లివర్‌ల ఆ 3ఏ4 ఎంజైమ్‌ను బాగ పెంచుతది. దాంతోటి మాలా-ఎన్‌ల హార్మోన్లు పని చేయకముందే కరిగిపోతయి. ఆరు నెలల కోర్సు నడుమల "గోలీ తప్పకుండ వేసుకుంటున్న, నెల తప్పింది అక్కా" అని వచ్చినోళ్లు ఉన్నరు. వాళ్ల తప్పేం లేదు. ఎవ్వరు చెప్పలే, గంతే.

టీబీ మందు మొదలైతుందని తెలిసిన రోజే నేను కాపర్-టి అన్న వేయించుకోమంట, లేదంటే గర్భం రాకుండ వేసే 'అంతర' అనే సూది. మూడు నెలలకోసారి వేసేది. వాటి మీద రిఫాంపిసిన్ ప్రభావం లెక్కలకు రాదు. కోర్సు అయిపోయినంక గూడ నెల దాంక గోలీని నమ్ముకోవద్దు, పెరిగిన ఎంజైమ్ ఒక్కసారే దిగదు. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ గూడ గర్భం గోలీని ఇట్లనే తినేస్తయి.

అత్త పక్కన కూసుంటే కోడలు గర్భం గోలీ సంగతి చెప్పదు. అందుకే బీపీ చూస్త అని చెప్పి లోపలి రూముకు తీస్కపోయి అడుగుత.

నల్లగొండ_ఫార్మసిస్టు

అక్కా, ఆఖరు మాటకు దండం. మా కౌంటర్ కాడ గూడ గర్భం గోలీలు కొననీకి ఎక్కువ మొగోళ్లే వస్తరు. "వేరే మందులు ఏమన్న వాడుతదా" అంటే సగం మందికి తెల్వదు.

జడ్చర్ల_జిమ్

టెస్టోస్టిరాన్ ఉంటే లివర్ జోరు పెరుగుతదని పైన ఎవరో రాసిండ్రు. మా జిమ్‌ల కోచ్ ఇచ్చే గోలీలు గూడ అదేగా, అంటే లివర్‌కు మంచిదేనా?

వనపర్తి_డాక్టరమ్మ

కాదు. ఒంట్లో సహజంగా ఉండే హార్మోన్ వేరు, జిమ్ముల్లో మింగించే స్టెరాయిడ్ గోలీలు వేరు. వాటిని లివర్ తొందరగా కరిగించకుండా అణువునే మార్చి తయారు చేస్తారు. కరగకుండా నిలిచిన ఆ మందే లివర్‌ను దెబ్బ తీస్తుంది. పైత్యరసం అడ్డుకుని కామెర్లు వస్తాయి, లివర్‌లో రక్తం తిత్తులు కడతాయి, గడ్డలూ వస్తాయి. గోలీ పేరు రాయండి, కళ్లు పచ్చబడ్డాయేమో అద్దంలో చూసుకోండి. లివర్ టెస్టు చేయించుకుని నాకు వేరుగా మెసేజ్ పెట్టండి.

కొల్లాపూర్_సారు

మా కోడలు కడుపుతో ఉంది. మధ్యాహ్నం చాయ్ తాగితే రాత్రి నిద్ర పట్టడం లేదంటుంది. మునుపు నాలుగు చాయ్‌లు తాగి గుర్రుపెట్టేది. ఇదీ లివరేనా?

నల్లగొండ_ఫార్మసిస్టు

అచ్చంగ లివరే సార్. చాయ్‌ల కెఫీన్‌ను కరిగించేది సీవైపీ1ఏ2. కడుపుతోని ఉన్నప్పుడు అది బాగ తగ్గుతది. మామూలుగ కెఫీన్ సగం పోనీకి ఐదారు గంటలు పడుతది, నెలలు నిండేటప్పుడు పదిహేను గంటలు గూడ దాటుతది. గర్భం గోలీలు వేసుకునేటోళ్లల్ల గూడ దాదాపు రెట్టింపైతది. బీడీ, సిగరెట్ తాగేటోళ్లల్ల ఉల్టా, పొగ ఆ ఎంజైమ్‌ను పెంచుతది.

థైరాయిడ్ గోలీ ఏమన్న వేసుకుంటుందా మీ కోడలు? గర్భంల ఈస్ట్రోజన్ పెరిగితే, థైరాయిడ్ హార్మోన్‌ను పట్టుకుని ఉంచే ప్రొటీన్‌ను లివర్ ఎక్కువ తయారు చేస్తది. గోలీ డోసు పావు వంతు నుంచి సగం దాంక పెంచాల్సి రావొచ్చు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించుండ్రి.

దేవరకొండ_చిన్నోడు

ఇన్ని విషయాలు చెప్పిన్రు, అందరికీ దండాలు. ఇంట్ల చదివి వినిపించిన. మా అన్న అడగమంటుండు, రేపు పిల్లల కోసం చూస్తే అప్పుడు ఈ ఫిట్స్ మందు ఏమైతది? మా అమ్మేమో గర్భం వస్తే ఫిట్స్ మందు బంద్ జేయాలంటుంది.

వనపర్తి_డాక్టరమ్మ

బంద్ చేయకూడదు. ఇది పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. గర్భంలో పెద్ద ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. గర్భం తలపెట్టే ఆడవాళ్లకు ఉన్న మందుల్లో లామోట్రిజిన్ మంచివాటిలో ఒకటి. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు అయితే నేనే మార్పించమని చెప్పేదాన్ని, దాని వల్ల సుమారు పదింట ఒక బిడ్డకు పుట్టుక లోపాలు, కొందరికి చదువు, మాట వెనుకబడటం ఉన్నాయి.

అయితే గర్భంలో ఈస్ట్రోజన్ ఏ గోలీలోనూ లేనంతగా పెరుగుతుంది. పైన చెప్పుకున్న యూజీటీ1ఏ4 ఇంకా జోరందుకుంటుంది. చాలామందిలో లామోట్రిజిన్ మామూలు కంటే రెట్టింపు వేగంతో పోతుంది, కొందరిలో అంతకన్నా ఎక్కువ. అందుకే గర్భానికి ముందే ఒకసారి రక్తంలో మందు ఎంత ఉందో చూసి పెట్టుకుని, తర్వాత నెలనెలా చూస్తూ డోసు పెంచుతారు. ఫోలిక్ ఆమ్లం ముందు నుంచే మొదలుపెట్టాలి.

కాన్పు తర్వాత రెండు మూడు వారాల్లో ఎంజైమ్ మళ్లీ పాత స్థాయికి వచ్చేస్తుంది. గర్భంలో పెంచిన డోసు మీదే ఉంచితే బాలింతకు మందు ఎక్కువైపోతుంది. తూలడం, వాంతులు, ఒకటి రెండుగా కనబడటం. ఇంట్లో "పచ్చి ఒళ్లు, నీరసం" అనుకుంటారు. బిడ్డను ఎత్తుకుని తూలి పడిపోతుంది.

నల్లగొండ_ఫార్మసిస్టు

డాక్టరమ్మా, ఆఖరు ముక్క చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. చిన్నోడూ, మొదటి పోస్టుల డోసు పెంచిండ్రన్నవు. వదిన గర్భం గోలీలు ఇంకా వేసుకుంటుందా, ఆపిందా?

దేవరకొండ_చిన్నోడు

ఆపింది అన్నా. డాక్టరు కాడికి పోయొచ్చిన తెల్లారే మా అమ్మ పట్టీ తీసి పారేసింది. కాపర్-టి వేయిద్దామనుకుంటున్నం, ఇంకా పోలే. ఫిట్స్ గోలీ మాత్రం ఆయన పెంచిన లెక్కనే వేస్తున్నం.

నల్లగొండ_ఫార్మసిస్టు

గర్భం గోలీ ఆపిన సంగతి ఆ నరాల డాక్టరుకు చెప్పిండ్రా? ఆయన డోసు పెంచింది గోలీ నడుస్తుందనే లెక్కల. ఈస్ట్రోజన్ పోయింది కాబట్టి ఇప్పుడు ఎంజైమ్ తగ్గి, పెంచిన డోసంత రక్తంల నిలుస్తది.

దేవరకొండ_చిన్నోడు

చెప్పలే అన్నా. నిన్నటి సంది తల తిరుగుతుందంటుంది, గోడ పట్టుకుని నడుస్తుంది. కాలిన చెయ్యికి ఇచ్చిన నొప్పి గోలీల వల్ల అనుకున్నం.

వనపర్తి_డాక్టరమ్మ

ఇప్పుడే ఆ డాక్టరుకు ఫోన్ చేయండి, రేపటి దాకా ఆగొద్దు. ఆయన దొరక్కపోతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, మందుల చీటీ, గోలీల పట్టీ రెండూ పట్టుకెళ్లండి. మీ అంతట మీరు లామోట్రిజిన్ మొత్తం ఆపకండి, ఒక్కసారే ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. వాంతులు, చర్మం మీద దద్దుర్లు ఏమైనా ఉన్నాయా?

దేవరకొండ_చిన్నోడు

దద్దుర్లు లేవు మేడం, పొద్దున ఒకసారి వాంతి అయింది. అన్న ఫోన్ చేస్తుండు.

దేవరకొండ_చిన్నోడు

మాట్లాడినం. రాత్రి నుంచి పాత డోసుకే రమ్మన్నడు, వంద వంద. ఎల్లుండి రక్త పరీక్షకు రమ్మన్నడు, అప్పటి దాంక పొయ్యి కాడికి, బాయి కాడికి పోనియ్యొద్దన్నడు. గోలీ ఆపినప్పుడే ఎందుకు చెప్పలేదని అన్న మీద కోపానికొచ్చిండట. అచ్చంపేట అక్కా, ఒక ముచ్చట అడగాలె. కాపర్-టి వేయిద్దామంటే దేవరకొండల ఏ రోజు వేస్తరు, మీకు ఎరుకున్న సిస్టర్ ఎవరన్న ఉన్నరా? మా వదిన అడగమంటుంది. లోపలి రూముల మాట్లాడేటోళ్లు కావాల్నట.

ఏఎన్ఎం_అచ్చంపేట

ఉన్నది తమ్మీ. వదిననే నాకు వేరుగా మెసేజ్ పెట్టమను, నువ్వు కాదు.